గోడవైపు తిరిగి పడుకునే మనిషి

శాలిబండలో మా ఇంటికి ఎదురుగా ఫంక్షన్ హాలు ఉంది. కరెంటు పోయినప్పుడల్లా దాని జనరేటర్ మోగుతుంది, డీజిల్ వాసన మా వంటింట్లోకి వస్తుంది. నిన్నా వచ్చింది. మా చెల్లెలి కూతురు ముక్కు మూసుకుని కిటికీ వేయబోతే వద్దన్నాను. మా ఆయన సెలవు మీద వస్తే ఇల్లంతా ఇదే వాసన ఉండేది. ఆయన సబ్‌మెరైన్‌లో ఇంజిన్ దగ్గర పనిచేసేవాడు. బేగంబజార్‌లో ఇత్తడి గిన్నెలు అమ్మే ఇంట్లో పుట్టినవాడు సముద్రం అడుగుకు ఎందుకు పోయాడో మా మామకు చచ్చేదాకా అర్థం కాలేదు. "నీళ్లల్ల మునిగేతందుకు గూడ జీతమిస్తరారా?" అని అడిగేవాడు. మా ఆయన బట్టలు కుంకుడుకాయ రసంలో ఎంత నానబెట్టినా ఆ వాసన పోయేది కాదు.

వాసనతో నాకు పేచీ లేదు, నా బాధ వేరే. అంత పెద్ద పందిరి మంచం ఉంటే ఆయన ఒక అంచున మోకాళ్లు ముడుచుకుని, గోడకు చెయ్యి ఆనించి, నాకు వీపు పెట్టి పడుకునేవాడు. నౌకరీ విడిచి దుకాణంలో కూర్చున్నాక కూడా అంతే. నేను నచ్చలేదేమో అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. పిల్లలు కలగకపోయేసరికి ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. ఆయన పోయింది కూడా గోడవైపు తిరిగే.

పోయినేడు చెల్లెలి కూతురు నన్ను విశాఖపట్నం తీసుకుపోయింది. ఆయన పనిచేసిన ఓడనే సముద్రం ఒడ్డున జనం చూడడానికి పెట్టారట. బయటి నుంచి చూస్తే నల్లటి గంగాళాన్ని బోర్లించి పొడుగ్గా సాగదీసినట్టుంది. లోపల ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే, వెనక్కి తిరగడానికి లేదు. అక్కడక్కడ బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెట్టారు. ఇంజిన్ దగ్గరి బొమ్మకు గోళ్లలో కూడా మసి లేదు. చూసి నవ్వొచ్చింది.

ఆ తర్వాత పడకలు, అల్మారా అరల్లా ఒకదాని మీద ఒకటి. వాటి పక్కన నిలబడి చెబుతున్న మనిషి ఒకప్పుడు ఆ ఓడలోనే పనిచేశాడట.

"ఒకరు లేస్తే ఇంకొకరు అదే పక్క మీద పడుకునేవాళ్లమండి. కొంచెం దొర్లితే కిందే. అందుకని గోడ పట్టుకుని పడుకోవడం అలవాటైపోయింది. ఇంటికెళ్లినా పోదండి, మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది."

అందరూ నవ్వారు. మా ఆయనకు నేనంటే విముఖత లేదన్నమాట. ఇక అడగవలసింది ఒక్కటే మిగిలింది, ఆయన అక్కడ ఎప్పుడైనా నా మాట ఎత్తేవాడా అని.

"మా ఇంటాయన గూడ గిండ్లనే పనిచేసిండు అన్నా, ఇంజిన్ కాడ," అన్నాను.

ఆ మనిషి ముఖం వెలిగింది. "అవునా అమ్మా? పేరు చెప్పండి, తెలిసే ఉంటుంది."

మా ఇండ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషన్ దుకాణంలో కూడా పక్కనున్నవాళ్లతో చెప్పించేదాన్ని. రాసి చూపిద్దామంటే నాకు సంతకం తప్ప రాదు. చెల్లెలి కూతురు ముందుకు పోయి కనబడకుండా ఉంది.

"బేగంబజార్ గిన్నెల దుకాణపాయన. బక్కగ ఉంటుండె," అన్నాను.

"ఓడలో అందరం బక్కోళ్లమేనమ్మా. పేరు చెప్పండి."

నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. "నడవండమ్మా, నడవండి," అని వెనకవాళ్లు తోశారు.

బయట చెల్లెలి కూతురు నెత్తి కొట్టుకుంది. "నన్ను పిలిస్తె నేను చెప్తుంటి గద పెద్దమ్మా." మళ్లీ టికెట్ కొని లోపలికి పోయేసరికి ఆ మనిషి డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే మా రైలు.

నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది ఆ పిల్లే. ఇప్పుడు కలం ఆపి, "పెద్దబాపు పేరు పెట్టాల్నా?" అని అడిగింది.

"రాయకు, ఊకె విను," అన్నాను. ఆయన చెయ్యి ఆనించి పడుకునే గోడవైపు తిరిగి ఆ పేరు పలికాను. జీరబోయిన నా గొంతులో అది ఎవరో పడుచువాడి పేరులా వినబడింది. ఇన్నేళ్లూ నోట్లోనే ఉండిపోయినందుకు దానికి వయసు రాలేదు. పలకవలసిన నాకే వచ్చింది.