గొట్టంలో తేమ, సంఘంలో సాక్ష్యం

కంటికి కనబడని అణువులకు సైతం బరువు నియమించిన దేవునికి స్తోత్రం.

ఆ రోజుల్లో నాకు విశ్వాసం ఎక్కువ, ఓపిక తక్కువ. (ఇప్పుడు రెండూ సమానమయ్యాయని చెప్పుకోవాలనే ఉంది గాని, రాసేది సాక్ష్యం కదా.) విశాఖపట్నంలో పరిశోధన చేస్తుండేదాన్ని. మీథేన్, ఆర్గాన్ కలిపిన వాయువును ఒక సన్నని గొట్టం గుండా మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపితే, అందులో పుట్టిన అయాన్లు పక్క అణువులను ఢీకొని కొత్త అయాన్లుగా మారతాయి. యంత్రం వాటిని బరువు ప్రకారం వేరుచేసి తెరమీద గీతలుగా చూపిస్తుంది. ఆ ఏడాది ఒక్క మంచి ఫలితమైనా రాకపోతే ఫెలోషిప్ ఆగిపోతుందని మా గైడుగారు చెప్పేశారు. ఉపవాసముండి ప్రార్థించాను. మర్నాడే నలభై ఏడు బరువు దగ్గర, నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పని చోట, మా మన్యంలో తాడిలా పెరిగే జీలుగు చెట్టంత గీత లేచింది! గైడుగారికంటే ముందు ముంచింగిపుట్టు దగ్గర మా ఊళ్లో ఉన్న నానమ్మకు ఫోన్ చేశాను.

శనివారం ఊరికి బయల్దేరబోతూ గైడుగారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గొట్టం వేడిచేశావా అమ్మా?" చేయలేదు. "లోపల తేమ ఉండిపోయింది. ఇరవై తొమ్మిది బరువున్న ఇథైల్ అయానుకు పద్దెనిమిది బరువున్న నీటి అణువు అతుక్కుంది. కూడి చూడు." కూడాను. నా ఆవిష్కరణ రెండో తరగతి లెక్కలో కరిగిపోయింది.

ఆదివారం చర్చికి వెళ్లేసరికి వెనక పాకలోంచి మసాలా వాసన. నానమ్మ క్రిస్మస్‌కని పెంచుకున్న పుంజును నా ఫలితానికి కృతజ్ఞతగా, ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందుకు ఇచ్చేసింది. పాస్టరుగారు "లేచి సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. నిజం చెబితే నానమ్మ తల దించుకోవాలి. చెప్పకపోతే సంఘమంతా అబద్ధానికి స్తోత్రం చేసినట్టు.

"అది కొత్తదేమీ కాదండి. నీళ్లు," అన్నాను.

"ఓలమ్మా, పుంజు ఉడికిపోనాదే!" అంది ముందు వరసలోంచి మా చిన్నత్త.

నానమ్మ లేచి నిలబడింది. "అయితే ఏటిప్పుడు? వానకోసం ఎన్నాల్లబట్టో మోకాల్లేసి మనం అడుగుతన్నది నీల్లే కదేటి? దేవుడు పంపించినాడు. ఈ మనవరాలు గుంటే మజ్జిలో గొట్టం అడ్డెట్టేసింది!"

పాస్టరుగారు చేతిరుమాలుతో మొహం కప్పుకున్నారు. ఆయన భుజాలు కదలడం చూశాక సంఘానికి ఇక నవ్వు ఆగలేదు.

తర్వాత గొట్టం బాగా వేడిచేసి చూస్తే ఆ గీత నేలమట్టమైంది. దాని వెనక దాగిన అసలు చర్యలు తేటగా కనబడ్డాయి, ఫెలోషిప్ నిలిచింది. ఇప్పుడు నేనే పిల్లలకు పరిశోధన నేర్పుతున్నాను. ముందు గొట్టం వేడిచేస్తాను, మళ్లీ మళ్లీ చూస్తాను, చిట్టచివర స్తోత్రం చెబుతాను. ఆనాటి నాలోని పిల్ల మాత్రం ముందు స్తోత్రం చెప్పేసి, తర్వాత గొట్టం సంగతి చూసేది. తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.

చదువుతున్న మీరూ నాతో కలిసి అడగండి: ప్రభువా, మా గొట్టాల్లో తేమ తీసెయ్యి, ఆ తొందరపాటు సంతోషాన్ని మాత్రం కొంచెం ఉండనియ్యి. ఆమేన్.