కారు తప్పు కాదు

చెడిపోని కారును ఎదురుగా పెట్టుకుని ఖాళీగా కూర్చోవడం ఎంత నరకమో ముప్ఫై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసినవాడికే తెలుస్తుంది. నాకు 2010లో అమెరికాలో, శాన్ రామన్‌లో తెలిసింది.

మా అమ్మాయికి ఏడో నెల. పురిటికి సాయం చేద్దామని నేనూ నా భార్యా జనవరిలో వెళ్లాం. సాయమంతా ఆవిడదే. నేను వెళ్లింది ఆవిడ పక్క సీటు ఖాళీగా పోకూడదని. ఊరికే వెళ్లడమెందుకని, సూట్‌కేసులోంచి ఒక ఆవకాయ సీసా తీసేసి ఆ బరువుకి నా స్పానర్ల సెట్టు సర్దాను. ఆ సంగతి అక్కడ పెట్టె విప్పాక బయటపడింది.

"అమెరికాలో స్పానర్లు దొరకవా?" అంది నా భార్య.

"నా చేతికి అలవాటైనవి దొరకవే."

"నా చేతి ఆవకాయ దొరుకుతుందా మరి?"

నెల రోజులు పప్పన్నం వడ్డించినప్పుడల్లా ఆ ప్రశ్న కూడా వడ్డించింది.

కారు మా అమ్మాయిది. పెళ్లికి ముందే, ఉద్యోగంలో చేరిన కొత్తలో సొంత జీతంతో కొనుక్కుంది. జపాన్ కంపెనీది. పేరు చెప్పను, ఆ వీధిలో ప్రతి మూడో ఇంటి ముందూ అదే ఉండేది. అల్లుడు ఆఫీసు వాళ్ల బస్సులో వెళ్లేవాడు. అమ్మాయి మాత్రం ఎనిమిదేళ్లుగా ఆ కారులో ఒక్కతే, బళ్లు ఆగకుండా దూసుకుపోయే ఫ్రీవే మీద సన్నీవేల్‌లో తన ఆఫీసు దాకా వెళ్లొచ్చేది. మేము వెళ్లిన మర్నాడే ఉత్సాహంగా బానెట్ ఎత్తాను. ఇంజన్ కనపడలేదు. దాని మీద నల్లటి ప్లాస్టిక్ మూత.

"నాన్నా, దాన్నేం ముట్టుకోకు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆగలేదు. టైముకి ఆయిల్ మార్పిస్తే చాలు" అంది అమ్మాయి.

నన్నేదో తిట్టినట్టే అనిపించింది. మా డిపోలో పొద్దున వెళ్లిన బస్సు సాయంత్రం తన చక్రాల మీద తాను తిరిగొస్తే హారతి ఇవ్వాలి. ఎనిమిదేళ్లు ఆగని బండి ఉంటే ఇక మేమెందుకు?

అల్లుడు ఆ కంపెనీకి భక్తుడు. భోజనాల దగ్గర దాని చరిత్ర పురాణంలా చెప్పేవాడు. "మామయ్యా, వాళ్లు మొదట మగ్గాలు చేసేవాళ్లు తెలుసా? దారం తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోయేది. ఆ తర్వాతే కార్లలోకి వచ్చారు. ఇప్పటికీ ఫ్యాక్టరీలో ఎంత చిన్న వర్కరైనా సరే, తప్పు కనపడితే తాడు లాగి లైన్ మొత్తం స్టాప్ చేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు. పైగా థాంక్స్ చెప్తారు."

"మా డిపోలో అయితే మెమో ఇస్తారు బాబూ" అన్నాను.

మా నాన్న కూడా చీరాలలో మగ్గం నేసినవాడే. మగ్గం దగ్గర మొదలుపెట్టి వాళ్లు కార్ల దాకా పోతే, మా వంశం బస్సు కింద దాకా పోయింది. ఇక తప్పుల సంగతంటారా, మా డిపోలో తప్పు ఎవరి దగ్గరా నిలిచేది కాదు. మెకానిక్ డ్రైవర్ మీదికి తోస్తే, డ్రైవర్ రోడ్డు మీదికి, రోడ్డు వాళ్లు వాన మీదికి. ఆ తోసే విద్యలో నన్ను మించినవాడు లేడు. మొత్తం సర్వీసులో "తప్పు నాది" అన్న మాట నా నోట రాలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం నుంచి వాన పట్టుకుంది. అమ్మాయి ఇంటి నుంచే పని చేసుకుంది. ఆదివారం దాకా కారు గరాజ్‌లోంచి కదల్లేదు. మా డిపోలో బస్సు రెండు రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోకుండా వైరు తీసి పక్కన పెట్టడం అలవాటు. ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు. నా చేతులు ఊరుకోలేదు. స్పానర్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లాను. ఒక్క నట్టు వదులు చేసి, వైరు తీసి, గుడ్డ చుట్టి పక్కకి పెట్టి, బానెట్ దించాను. అమెరికా వచ్చాక మొదటిసారి చేతికి మసి అంటింది. ఆ సంతోషంలో సాయంత్రం రెండు గారెలు ఎక్కువే తిన్నాను. కానీ వైరు తీశానని ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, గారెల్లో పడి మర్చిపోయాను.

సోమవారం పది గంటలకి అమ్మాయికి స్కానింగ్ ఉంది. అల్లుడు ఏడింటికే ఆఫీసుకి వెళ్లిపోయాడు. వాన వెలిసిందని నేను మంకీ క్యాప్ పెట్టుకుని పార్కుకి వెళ్లాను. అక్కడ నాలాంటి రిటైరైన తండ్రులు అరడజను మంది చేరి ప్రపంచాన్ని బాగుచేస్తుంటారు. ఫోన్ ఇంట్లోనే వదిలేశాను. తిరిగొచ్చేసరికి పదకొండయింది. అమ్మాయి గరాజ్ మెట్టు మీద పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, కారు చచ్చిపోయింది. రిమోట్ నొక్కినా పలకలేదు, తాళం తిప్పినా పలకలేదు. ఫ్రెండ్స్ అందరూ ఆఫీసుల్లో ఉన్నారు. ఒకమ్మాయి వచ్చి తీసుకెళ్లేసరికి లేటయిపోయింది, వచ్చే వారం రమ్మన్నారు."

వైరు!

"నువ్వు లోపలికెళ్లి కాసిని మంచినీళ్లు తాగు తల్లీ. నేను చూస్తాగా" అన్నాను.

అది అటు వెళ్లగానే వైరు పెట్టి నట్టు బిగించాను. ఒక్క నిమిషం పట్టింది. తాళం తిప్పితే ఇంజన్ ఏమీ జరగనట్టు పలికింది. ఆ చప్పుడుకి అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా! ఎలా చేశావు?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను, ఒట్టు. తెరిచిన నోట్లోంచి వచ్చింది ఇదీ: "ఏముందమ్మా, చిన్న కాంటాక్ట్ ప్రాబ్లం. పాతబడ్డ బండి కదా, మామూలే."

చూశారా, ఒక్క ముక్కలో తప్పు కారు మీదికీ గొప్ప నా మీదికీ ఎలా తోశానో! అంత సర్వీసు ఊరికే పోతుందా?

ఆ సాయంత్రం అల్లుడు చేతులు పట్టుకుని "మామయ్యా, మీరు లేకపోతే టో చేయించాల్సి వచ్చేది" అన్నాడు. శనివారం వాళ్ల స్నేహితుల ఇంట్లో భోజనాలు. మేము వెళ్లేసరికే నా కీర్తి అక్కడికి చేరింది. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "అంకుల్, నా కారులో టక్ టక్ అని సౌండ్ వస్తోంది, కొంచెం చూస్తారా?" అన్నాడు. వెళ్లి డ్యాష్‌బోర్డుకి చెవి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకున్నాను. తర్వాత వెనక సీటు కింద చెయ్యి పెట్టి స్టీలు టిఫిన్ బాక్సు తీశాను. అందులో ఎన్నాళ్లదో పులిహోర. చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి నేను మెకానిక్ అంకుల్‌ని. ఎవరు కారు మాటెత్తినా మెల్లగా తలాడించి, "జపాన్ వాళ్లు మునుపటిలా లేరండీ" అనేవాణ్ణి. దానికి తోడు ఆ రోజుల్లోనే ఆ కంపెనీ లోపాలున్న కార్లను వెనక్కి పిలిపిస్తోందని టీవీలో రోజూ వార్తలు. నా అబద్ధానికి దేవుడే సాక్షిని పంపాడనుకున్నాను.

ఆ గొప్పలో అమ్మాయిని సరిగ్గా చూడలేదు. అది ఆ సోమవారం తర్వాత కారు తీయలేదు, ఆఫీసు పనీ ఇంటి నుంచే. మొదట వాన అంది, తర్వాత నడుం నొప్పి అంది. వాయిదా పడ్డ స్కానింగ్‌కి అల్లుడే సెలవు పెట్టి తీసుకెళ్లాడు. ఎనిమిదేళ్లు ఎవరి సాయం లేకుండా తిరిగిన పిల్ల, కరివేపాకు కావాలన్నా మొగుడొచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుంటోంది.

ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. "నువ్వే వెళ్లి రావచ్చు కదమ్మా? ఇప్పుడు బాగానే ఉందిగా."

"భయమేస్తోంది నాన్నా. ఫ్రీవే మధ్యలో ఆగిపోతే? ఇప్పుడు నేనొక్కదాన్నే కాదు కదా" అంటూ పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

అప్పుడైనా చెప్పాలా వద్దా? రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఇవాళ చెప్పేస్తానని గట్టిగా అనుకునేవాణ్ణి. ఇడ్లీ తినేవేళకి ఆ గట్టితనం మెత్తబడిపోయేది. ఎవరో ఒకరు ఫోన్ చేసి "మెకానిక్ అంకుల్ ఉన్నారా?" అనేవాళ్లు. ఆ పిలుపు తియ్యగా ఉండేది. ఛీ, నా బతుక్కి!

అమ్మాయి భయం చూడలేక అల్లుడు కారు అమ్మేద్దామన్నాడు. "శనివారం డీలర్‌కి ఇచ్చేసి వేరేది తీసుకుందాం. తను మళ్లీ డ్రైవ్ చేయాలంటే అదొక్కటే దారి మామయ్యా." అమ్మాయి సరేనంది. సరేనన్నప్పుడు దాని ముఖం చూసి నా భార్య, "దానికి ఇష్టం లేదండీ, మీరైనా ఓ మాట చెప్పకూడదూ?" అంది. నేను పేపరు తిరగేశాను.

ఆ శనివారానికి ముందు రోజు సాయంత్రం టీవీలో ఆ కంపెనీ పెద్దలు కనిపించారు. సూట్లు వేసుకున్న జపాన్ పెద్దమనుషులు నడుము దాకా వంగి క్షమాపణ చెప్తున్నారు. "వాళ్ల స్థాయి ఎంత, అయినా అందరి ముందూ తల వంచారు చూశారా మామయ్యా" అన్నాడు అల్లుడు. అంత పెద్ద కంపెనీ వంగింది. ఒక్క నట్టు విప్పిన నేను మెడ బిగించుకుని కూర్చున్నాను.

శనివారం పొద్దున అమ్మాయి కారులో తన వస్తువులు తీసుకుంటోంది. కళ్లజోడు, గొడుగు, పాత పార్కింగ్ చీటీలు ఒక సంచిలో వేసింది. అల్లుడు తాళం పట్టుకుని నిలబడ్డాడు. సంచి మూసి, అమ్మాయి స్టీరింగ్ మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఎన్నిసార్లు ఏడుస్తూ ఇంటికొచ్చానో దీంట్లో, ఒక్కసారి కూడా దారిలో దించలేదు. చివరికి ఇలా చేసింది, పాపం" అంది.

"కారు తప్పు కాదమ్మా" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"నేనే ఆదివారం నాడు బ్యాటరీ వైరు తీసి మర్చిపోయాను. సోమవారం నేనే పెట్టాను. దానికి ఏ రోగమూ లేదు. తప్పు నాది."

అల్లుడు పకపకా నవ్వాడు. "మీరా మామయ్యా!" ఆ నవ్వుకి నాకు ప్రాణం లేచొచ్చి, నేనూ ఓ నవ్వు నవ్వబోయాను. అమ్మాయి నవ్వలేదు.

"వైరు తీసినందుకు నాకు కోపం లేదు నాన్నా. మర్చిపోయావు, ఎవరైనా మర్చిపోతారు. కానీ ఇన్నాళ్లు నేను భయంతో చస్తుంటే రోజూ నా ఎదురుగానే కూర్చున్నావు. అప్పుడు చూస్తూ ఎలా ఊరుకున్నావు?"

ఎవరి మీదికి తొయ్యను? డ్రైవరూ లేడు, రోడ్డూ లేదు, వానా లేదు. తల వంచుకుని నిలబడ్డాను.

అమ్మాయి చెయ్యి చాపింది. అల్లుడు తాళం ఇచ్చి, "నేనూ వస్తా ఉండు" అన్నాడు.

"వద్దు."

పొట్ట తగలకుండా సీటు వెనక్కి జరుపుకుని, బెల్టు కిందికి సర్దుకుని, కారు వెనక్కి తీసింది. వీధి చివర ఆగి, సిగ్నల్ వేసి, ఫ్రీవే వైపు తిరిగింది. ఎప్పుడొస్తావని అడిగే ముఖం నాకు లేదు. వాకిట్లోనే నిలబడ్డాను. నా భార్య వచ్చి సంగతంతా అల్లుడి నోట విని, నన్ను ఒక్క మాట కూడా అనకుండా లోపలికి పోయింది. తిడితే బాగుండేది.

గంటన్నరకి కారు తిరిగొచ్చింది. అమ్మాయి దిగి, నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్లి, "అమ్మా, సన్నీవేల్ దాకా వెళ్లొచ్చాను. ఆకలేస్తోంది" అంది.

నాతో మాత్రం నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ కారు తనే తీసుకుని ఒక్కతే వెళ్లింది. నేను పార్కు మానేసి పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. నా వైపు తల తిప్పకుండా, దర్జాగా అద్దం చూసుకుంటూ కారు వెనక్కి తీసుకుని పోయేది నా కూతురు. చూస్తుంటే ఏడుపొచ్చేది. నాతో మాట్లాడకపోతే మానె, అలాగే వెళ్లు తల్లీ అనుకునేవాణ్ణి.