రాజేశం ఉరికాడని చెప్పింది నేనే

అన్నం కంచం ముందు పెట్టుకొని రాస్తున్నాను. ఈ అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఇది చదివితే నవ్వుతారు. వరంగల్ బజారులో నా ఒట్టును నమ్మి ఎవరూ అరకప్పు చాయ్ కూడా పొయ్యరు. బట్టల దుకాణంలో గుమాస్తాని నేను. మామూలు నేతచీరకు పెద్దింటి చరిత్ర చెప్పి అమ్మడం నా బతుకుతెరువు. ఆ మాటల పస దుకాణంతో ఆగేది కాదు, సాయంత్రం సుబేదారిలోని చాయ్ హోటలు దాకా నా వెంట వచ్చేది. కానీ ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లుగా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను. కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రాజేశం మా వాడలో ఉండే నేతకారుల కొడుకు. వాళ్లది పరకాల వైపు. పసితనంలో వచ్చిన పోలియో వాడి కుడికాలిని ఎండు పుల్లలా చేసి వదిలింది. అడుగు వెయ్యాలంటే కుడిచేత్తో ఆ మోకాలిని అదిమి పట్టుకోవాలి. అదమడం, అడుగు. మళ్లీ అదమడం, అడుగు. మగ్గం తొక్కడానికి రెండు కాళ్లూ కావాలి కనుక వాళ్ల నాయన వాణ్ణి మగ్గం మీద కూర్చోబెట్టలేదు. వ్యవసాయ బావిలో మాత్రం ఈత నేర్పడానికి నడుముకు బెండు కట్టి దింపాడు. నాలుగు రోజులకే వాడు బెండు విప్పి గట్టు మీదికి విసిరేశాడట. నీళ్లలో ఆ కాలితో పనే పడలేదు. వాడి భుజాలు చూస్తే పహిల్వాన్లు కూడా తిరిగి చూసేవారు.

అప్పట్లో వికలాంగులకు కూడా పోటీలు పెట్టడం మొదలైంది. వాడు ఈతలో గెలిచాడు. ఆ భుజాలు చూసి ఎవరో ఇనుపగుండు చేతికిచ్చారు. కుర్చీలో కూర్చొని విసిరే పోటీ అది. అందులోనూ గెలిచాడు. రెండేళ్లు తిరిగేసరికి రెండు ఆటల్లోనూ రాష్ట్రంలో వాడే మొదటివాడు.

నాకు కథలకు ముడిసరుకు దొరికింది. "మావోడు పరకాల బాయిల మునిగి, పక్కూరి బాయిల తేలిండు. నీళ్లు చేదుతున్న ముసలామె వీణ్ణి చూసి, బొక్కెన ఇడిసిపెట్టి ఉరికింది" అని హోటల్లో చెబితే అందరూ పడీపడీ నవ్వేవారు. రాజేశం అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. "జర తగ్గించన్నా, నీళ్లే సిగ్గుపడుతున్నయ్" అనేవాడు.

దేశం మొత్తానికి పెట్టే పోటీలకు ఎంపిక పట్నంలో జరిగింది. తోడుగా నేను వెళ్లాను. వాడి సంచి మోశాను. ఆ మాటా చెప్పుకోవాలి కదా, సంచి మోసింది కూడా నిజమే. అక్కడ ముందుగా డాక్టరు చెయ్యి పట్టి, కాలు పట్టి చూస్తాడు. ఎవరి ఒంట్లో ఎంత సత్తువ ఉందో చూసి, సమానమైన వాళ్లను ఒక గుంపులో వేస్తారు. రాజేశాన్ని కాలు బొత్తిగా పనిచేయని వాళ్లలో వేశారు. పొద్దున జరిగిన మొదటి విడత ఈతలో వాడి దరిదాపులకు కూడా ఎవరూ రాలేదు. గట్టు చుట్టూ జనం మూగారు. ఎవరీ అబ్బాయి, ఏ ఊరు అని అడుగుతున్నారు. వాణ్ణే అడుగుతున్నారు. వాడే జవాబు చెబుతున్నాడు.

ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చున్న, ఎంపిక చేసే పెద్దసారు నన్ను పిలిచాడు.

"ఏమయ్యా, మీవాడి కాలు నిజంగానే అస్సలు పనిచేయదా?"

"పనిచెయ్యకపోవుడేంది సార్! మొన్న మరిపెడ బస్సు ఇడిసిపెట్టిపోతే ఎనుక ఉరికి పట్టుకున్నడు. కండక్టరే పరేషానయ్యిండు!"

చుట్టూ ఉన్న నలుగురు నవ్వారు. ఆయన నవ్వలేదు. పక్కనున్న డాక్టరు చెవిలో ఏదో చెప్పాడు.

మధ్యాహ్నం రాజేశాన్ని మళ్లీ లోపలికి పిలిచారు. బయటికొచ్చి వాడే చెప్పాడు. గుంపు మార్చారు. కాలు కొంచెమే బలహీనం, దాని సత్తువ దాచిపెడుతున్నాడు అన్నారట. సాయంత్రం ఈత పోటీలో వాడి పక్కన దిగిన వాళ్లలో ఒకడికి చేతివేళ్లు లేవు, ఇంకొకడికి మణికట్టు వంకర. అందరికీ రెండు కాళ్లూ ఉన్నాయి. వాళ్ల కాళ్లు నీళ్లను తంతుంటే, ఆ నురగ వెనకాల వాడి భుజాలు రెండూ ఒంటరిగా పనిచేస్తూ ఉండటం నేను గట్టు మీద నిలబడి చూశాను. చివరివాడిగా వచ్చాడు. మర్నాడు గుండు విసరడానికి కుర్చీ ఇవ్వలేదు. ఉరికేవాడికి కుర్చీ ఎందుకు? నిలబడి విసరమన్నారు. చేత్తో గుండు పట్టుకుంటే మోకాలిని పట్టేదెవరు? గుండుతో పాటే వాడూ పడ్డాడు.

అప్పుడైనా నేను నోరు విప్పాలి కదా? సార్, అది ఉత్త కథ, నేను అబద్ధాలకోరును అనాలి కదా? నా జన్మలో అబద్ధం చెప్పడానికి నోరు వెతుక్కోని నేను, ఆ ఒక్క నిజం చెప్పడానికి ఎందుకు వెతుక్కున్నాను? వాళ్లు వినరులే అనుకున్నాను. మించిపోయిందిలే అనుకున్నాను. అసలు సంగతి, నా మాటకు నవ్విన ఆ నలుగురూ ఇంకా అక్కడే ఉన్నారు.

తిరుగు రైల్లో భువనగిరి దాటాక వాడు అడిగాడు.

"నేను ఉరుకుతనని ఎవడు జెప్పిండన్నా?"

"ఓర్వలేనోళ్లు తమ్మీ. గెలిచేటోణ్ణి సూత్తె కండ్లు మండుతయ్."

"ఉరుకుడు ఎట్లుంటదో గూడ నాకు తెల్వది గదనే."

నేను పల్లీలు కొని వాడి చేతిలో పెట్టాను.

ఆ తర్వాత ఆ ఎంపికకు వాణ్ణి మళ్లీ పిలవలేదు. కాలు దాచిపెట్టేవాడన్న పేరు వాడికంటే ముందు వెళ్లేది. ఇప్పుడు పవర్‌లూమ్ కార్ఖానాలో కూర్చొని కండెలకు నూలు చుడుతున్నాడు. సరుకు కోసం నేను అక్కడికి వెళ్తుంటాను. నన్ను చూడగానే వాడి ముఖం వెలుగుతుంది. పక్కవాళ్లను పిలుస్తాడు. "అన్న అచ్చిండు, ఇనుండ్రి. అన్నా, బాయి ముచ్చట జెప్పు." చెబుతాను. నవ్వుతారు. మొన్న ఒకడు అన్నాడు: "రాజేశం రెండు ఆటలల్ల రాష్ట్రం గెలిచిండనేది గూడ నీ కతేనా?" కాదు, అది నిజం అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. రాజేశం కూడా వాళ్లతో కలిసి నవ్వి, వంగి కండె తీసుకున్నాడు. వాడు గెలిచిన ఒక్క నిజాన్నీ నా నోటితో ముట్టుకొని అబద్ధం చేశాను.

అసూయ అనుకుంటారేమో. నేనూ అలాగే అనుకొని చూశాను. వాడి పతకాలు నాకెందుకు? ఆ పొద్దు గట్టు మీద జనం వాణ్ణే చూస్తున్నప్పుడు, మొదటిసారి వాడికి నా కథ అవసరం లేకపోయింది. అది తట్టుకోలేకపోయాను. అంతకంటే మంచి కారణం దొరికితే బాగుండునని ఇన్నేళ్లూ వెతికాను. దొరకలేదు.

వాడికి చెప్పలేదు. చెబుతానని మాటివ్వను, నా మాట సంగతి మీకిప్పటికి తెలిసే ఉంటుంది.

ఇక మొదట వేసిన ఒట్టు. పైన రాసినదాంట్లో ఒక్క ముక్క నేను కల్పించాను. అన్నం చల్లారిపోయింది, ఇప్పుడు చెప్పేస్తాను. పెద్దసారు నన్ను పిలవలేదు. రాజేశం కాలు గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆయన తల వంచుకొని తన పని చూసుకుంటున్నాడు. చాయ్ గ్లాసు పట్టుకొని నేనే ఆ బల్ల దాకా నడిచి వెళ్లి, "సార్, మావోడి ముచ్చట ఒకటి జెప్తా ఇంటరా" అన్నాను.