ఒక సైడుకి ఒక డ్రమ్ము పసుపు

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు ఉడకబెట్టే యంత్రాలు చాలానే ఉన్నాయి. రష్యా సంగీతానికి ఉడకబెట్టేది మాత్రం భూపతి ఒక్కడే. యంత్రానికి కావలసింది కట్టెలూ నీళ్లే లెండి, సంగీతం ఎందుకో చెబుతాను.

భూపతి మా వీధివాడు. అరవై రెండేళ్లుంటాయి. పెళ్లయిన కొత్తలో ఏదో పనిమీద నిజామాబాద్ వెళ్తే అక్కడ సోవియట్ పుస్తకాల బస్సు ఆగి ఉందట. తమ్ముడి నోటుపుస్తకాలకు అట్టలు వేయడానికి నున్నటి కాగితాల పత్రికలు కొందామని ఎక్కాడు. అవి అప్పటికే అయిపోయాయి. మిగిలినవి గ్రామఫోను రికార్డులు. చవకగా వస్తున్నాయని ఆరు పట్టుకొచ్చాడు. అట్టల మీద అన్నీ రష్యా అక్షరాలే. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, చదివిపెట్టమంటే నేనేం చదువుతాను? అందుకని అట్టమీది బొమ్మల్ని బట్టి కళ్లద్దాలాయన, బట్టతలాయన, పొడుగు మొహమాయన అని అతనే పేర్లు పెట్టుకున్నాడు. వాళ్లు షోస్తకోవిచ్, ప్రొకోఫియెవ్, రహ్మానినోవ్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అయినా ఆ ఇంట్లో ఇప్పటికీ పాత పేర్లే నడుస్తున్నాయి.

పాత ప్లేయరు ఒకటి సంపాదించి మొదటిసారి రికార్డు పెట్టిన రోజు భార్య రత్నవ్వ పక్కనే కూర్చుని ఓపిగ్గా విన్నది. పావుగంట గడిచింది.

"పాడేటాయన ఇంకా వస్తలేడేందయ్యా?"

"వస్తడు తియ్. పెద్దాయన గావచ్చు."

నలభై ఏళ్లయింది. ఆ పెద్దాయన ఇంకా రాలేదు.

ఇక పసుపు సంగతి. తవ్విన కొమ్ముల్ని డ్రమ్ములో పోసి ఆవిరి పెడతారు. తక్కువైతే లోపల పచ్చిగా మిగిలిపోయి తర్వాత పురుగు పడుతుంది. ఎక్కువైతే రంగు పోతుంది. కొందరు గడియారం చూసుకుంటారు, కొందరు చీపురుపుల్ల గుచ్చి చూస్తారు. భూపతి పదిహేనేళ్ల కింద యంత్రం కొన్నప్పుడు, సరదాకి రికార్డు ప్లేయర్ని కూడా ట్రాక్టర్ మీద తీసుకెళ్లాడు. కళ్లద్దాలాయన సింఫనీ ఒక సైడు అయ్యేసరికి డ్రమ్ము సరిగ్గా ఉడికింది. ఇరవైరెండు నిమిషాలు. ఆఖర్న డోళ్లు దబదబ మోగి ఆగుతాయి, ఇతను ఆవిరి కట్టేస్తాడు. అంతే, గడియారమూ లేదు, పుల్లా లేదు. వేల్పూర్, మోర్తాడ్ రైతులు నవ్వుకుంటూనే పిలిచేవారు, ఎందుకంటే మార్కెట్లో ఇతను ఉడకబెట్టిన కొమ్మును విరిచి ఎవరూ మొహం చిట్లించలేదు.

ఈ యేడు ప్లేయరు ముల్లు అరిగిపోయింది. రేడియోలు బాగుచేసే అజీజ్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"గీ ముల్లు ఇప్పుడేడ దొరకది భూపతి భాయ్. ఫోన్ల ఏసిస్త, ఫికర్ చెయ్యకు," అన్నాడు అజీజ్. రికార్డు అట్టను ఫోటో తీసి, ఇంటర్నెట్లో అదే సింఫనీ పట్టుకుని, డోళ్లు ఆగేచోటి దాకా ఫోన్లో వేసి, ఒక స్పీకరు కూడా ఇచ్చాడు.

ఆ ఫోనుతో మొదటి పని ఆలూర్లో వినోద పొలంలో. వినోద నా దగ్గర చదువుకున్న పిల్ల, అందుకే నేనూ ట్రాక్టర్ ఎక్కాను. నాలుగెకరాల పసుపు ఆమే దగ్గరుండి పండించింది. మరిది రఘునందన్ వేరే యంత్రం మాట్లాడతానంటే కాదని భూపతిని పిలిపించింది. పంట చెడితే ఆమె యేడాది కష్టం మట్టిపాలు. భూపతి యంత్రానికి ఆ ఊళ్లో మళ్లీ పని దొరకదు.

పొద్దున్నే మొదలుపెట్టారు. భూపతి మొహం వెలిగిపోతోంది.

"సారూ, ఇయ్యాల మస్తు ఉషారుగ కొడుతున్నరు. గీ సన్నటి పీక సప్పుడు ఇన్నేండ్లు రికార్డు గరగర కింద ఏడ దాసుకున్నదో."

వినడంలో పడి నాలుగు డ్రమ్ములు దింపించాడు. వినోద కుప్ప దగ్గర కూర్చుని చీపురుపుల్ల తీసింది.

"అన్నా, పుల్ల దిగుతలేదు."

"గట్టి పుల్లతోని గుచ్చు చెల్లె."

"పుల్ల గట్టిదే. పసుపే పచ్చిగున్నది."

గట్టు మీంచి రఘునందన్ అందుకున్నాడు. "నేను ముందుగాల్నే చెప్తి వదినా. రష్యాల పసుపు పండుతదా అని ఒక్కపారన్న అడిగినవా?"

భూపతి ఫోను చూశాడు. డోళ్లు ఆగేదాకా పద్దెనిమిది నిమిషాలే. వెంటనే అజీజ్‌కు ఫోన్ కలిపాడు.

"అజీజ్ భాయ్, నాలుగు నిమిషాలు ఏడ పోయినయ్?"

"ఏడికీ పోలే. ఒక్క ముక్క గూడ కొయ్యలే. సింఫనీ అదే, ముంగట నిలబడి కొట్టిచ్చేటాయన వేరే. గీయన జర తొందర మనిషి."

"ఏం తొందర? పొయ్యి మీద పాలు పెట్టొచ్చిండా?"

"నీ రికార్డాయన నిమ్మళం భాయ్. ఒక్కొక్కలు ఒక్కో తీరుగ కొట్టిస్తరు."

భూపతి ఫోను చెవి దగ్గర్నుంచి తీసి స్పీకరు వైపు చూశాడు. ఒక సింఫనీ ఎవరు వాయించినా ఒకే సేపు పడుతుందని అతని నమ్మకం. నిజానికి నాదీ అదే.

వినోద లేచింది. "అన్నా, గా ఇద్దరి పంచాయితీ తర్వాత. వేడి మీదున్నప్పుడే మళ్ల డ్రమ్ముల పొయ్యుండ్రి. పుల్ల దిగేదాక పాట బందు."

మళ్లీ పోశారు. సంగీతం లేకపోయేసరికి భూపతికి కాలూ చెయ్యీ ఆడలేదు. పెదాలు కదులుతున్నాయి.

"మనసుల గూడ పాడద్దు," అన్నది వినోద.

రెండు నిమిషాలకోసారి గుచ్చి చూశారు. చివరికి పుల్ల వెన్నలో దిగినట్టు దిగింది. నాలుగు డ్రమ్ములూ అలాగే సరిచేసి, మధ్యాహ్నానికి ఇంకో ఆరు దింపారు. వినోద ఒక కొమ్ము విరిచి మరిదికి అందించింది. రఘునందన్ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

అన్నాల దగ్గర కూలికొచ్చిన ఆడవాళ్లు బాజా పెట్టమన్నారు. భూపతి వినోద వైపు చూశాడు.

"పెట్టు. డ్రమ్ములకు గాదు, మాకు."

పదిహేనేళ్లలో మొదటిసారి అతను యంత్రానికి వీపు పెట్టి విన్నాడు. కళ్లు మూసుకున్నాడు కూడా. డోళ్లు మోగి ఆగేసరికి అందరి పళ్లేలూ ఖాళీ. వినోద చెయ్యి కడుక్కుంటూ అన్నది.

"రేపు ఇంకో రెండెకరాలది ఉన్నది, పొద్దుగాల్నే రా అన్నా. గా నిమ్మళమాయన్ని జర దేవులాడిచ్చి తోలుకరా. గీయన కొట్టుడుకు నమలకుంటనే మింగినం."