పూర్వం నివసించినవాళ్లు

మా కాలేజీ మ్యూజియం ఎలా పుట్టిందో దాని గుమ్మం పక్కనున్న రాతిపలక చెబుతుంది. దూరదృష్టి గల పెద్దల సంకల్పం అని అందులో ఉంది. అది అబద్ధం కాదు. కాని ఆ సంకల్పానికి మొదటి రోజే ఏ గతి పట్టిందో పలక చెప్పదు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే, ఆ గతి పట్టించిందీ నేనే. మొన్న ఒక విద్యార్థి వచ్చి, "ఇక్కడ మొదట పెట్టిన వస్తువు ఏది సార్?" అని అడిగితే గొంతు సవరించుకుని వానల గురించి మాట్లాడాను. ఇంటికెళ్లాక సిగ్గేసింది. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే యుద్ధం నడుస్తూ కిరసనాయిలుకు కూడా బారులు తీరే రోజుల్లో, నేను ఆ కాలేజీ లైబ్రరీలో అటెండరుని. నా చదువు మెట్రిక్ దగ్గర ఆగిపోయింది (ఆగిపోయిందనడం గౌరవం కోసం, నిజానికి లెక్కల పేపరు ఆపేసింది). అయినా దుమ్ము దులిపే నెపంతో బీరువాలన్నీ చదివేశాను. ఒక్కో పుస్తకం దులపడానికి నాకు వారం పట్టేది. మాది కన్నడ ఊరైనా, తెలుగువాళ్లుండే చిక్కపేట సందులో మా మేనమామ ఇంట్లో పెరిగాను. ఆయన చేనేత పనివాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చి రాజుల గురించీ శాసనాల గురించీ మొదలుపెట్టగానే మామ మగ్గం గుంటలోంచి తలెత్తి, "ఏమప్పా, ఈ దినం ఏ రాజు సచ్చిపోయినాడు?" అని అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది. ఈయనకు చరిత్ర అంటే ఏమిటో ఎప్పటికి తెలుస్తుందా అని జాలి కూడా పడేవాణ్ణి.

మా ప్రిన్సిపాలుగారిని అందరూ పేటా సారు అనేవాళ్లు, మైసూరు పేటా అనే జరీ అంచు తలపాగా లేని ఆయన తలను చూసినవాళ్లు లేరు కనుక. ఆయనకు ఈ ప్రాంతపు పాత వస్తువులన్నీ ఒకచోట దాచాలని కోరిక. ఖాళీగా పడి ఉన్న ఒక గది తెరిపించి సున్నం కొట్టించారు. వీరుడి బొమ్మ చెక్కి ఉన్న రాయి ఒకటి, తుప్పు పట్టిన కత్తి ఒకటి సంపాదించారు. ఆ తరువాత ఏమీ దొరకలేదు. దసరా దగ్గర పడింది. విజయదశమి నాడు తెరవడానికి ఒక పెద్ద పండితుణ్ణి పిలిచేశారు కూడా. "గది నింపు. బాగా జరిగితే దీని తాళాలు నీ చేతికే ఇస్తాను" అన్నారు నాతో. అటెండరు మ్యూజియం అధికారి కావడం! నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

మ్యూజియంలు ఎలా కట్టాలో చెప్పే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి నేను అప్పటికే దులిపి ఉన్నాను. ప్రజల వృత్తి పరికరాలను విరాళంగా సేకరించాలని అందులో ఉంది. వెంటనే మా సందు మీద పడ్డాను. మహానవమి పొద్దున, ఆయుధ పూజకు అందరూ పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చిన వేళ, ఇంటింటికీ వెళ్లి, "మా కాలేజీకి ఇవ్వండి, పెద్దవాళ్లు వస్తారు, గౌరవంగా పెడతాము" అన్నాను. ఎంత సులభంగా ఇచ్చారని! బిందెలు కొట్టే కంచు తాత సుత్తులిచ్చాడు. పసుపు కుంకుమలు అమ్మే పసుపు అత్త తక్కెడ ఇచ్చింది. మామ తన నాడె ఇచ్చాడు. నాడె అంటే పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే, పడవలాంటి చిన్న కొయ్య. అది వాళ్ల నాయన చేతిలో అరిగినది. "బద్రం అప్పా" అన్నాడు, అంతే. నా మాట చాతుర్యానికి నేనే మురిసిపోతూ అన్నిటినీ గోవిందు తోపుడు బండి మీద వేయించుకుని వెళ్లాను. పరికరాలు సహజ స్థితిలో ఉండాలని పుస్తకంలో ఉంది కదా అని, గదిలో కూర్చుని పసుపు కుంకుమలు శుభ్రంగా తుడిచేశాను.

తరువాత చీటీలు రాశాను. కన్నడంలో, నాకు చేతనైనంత గంభీరంగా. నాడె ముందు పెట్టిన చీటీ తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "చేనేతవారి సాధనము. ఈ వృత్తివారు పూర్వము ఈ ప్రాంతమున నివసించిరి." అలా నివసించిన వారిలో ఒకరి ఇంట్లో ఆ పొద్దున నేను పాయసం తాగి వచ్చాననే సంగతి నాకు తట్టలేదు.

దశమి పొద్దున పండితులు వచ్చారు, దండ వేశాం, రిబ్బను కత్తిరించారు. ఆయన మొదటి బల్ల దగ్గరికి వచ్చి నాడె చూసి, నా చీటీని గట్టిగా చదివారు. "ఎవరు రాశారిది? భాష బాగుంది" అన్నారు. నేను వినయంగా తల వంచాను. వంచిన తల ఎత్తేసరికి గుమ్మంలో మా మామ! వెనక కంచు తాత, ఆ వెనక కొబ్బరికాయతో పసుపు అత్త, ఆమె వెనక సందంతా.

"నివసించిరా?" అన్నాడు మామ. సందులో మేము తెలుగు మాట్లాడుకున్నా కన్నడం అందరికీ వచ్చు. "మేం యాడికి పోయినామప్పా?"

"మామా, నువ్వు ఇక్కడికెందుకు..."

"ఎందుకేమి? పూజ అయిపోయింది కదా. నాడె ఇయ్యి. దశమి దినం మొదటి పోగు దాంతోనే ఎయ్యల్ల. మూడు నెలల నుంచి నూలు లేక మగ్గం సుమ్మనే పడి ఉండాది. నిన్న రవ్వంత నూలు దొరికింది. పొద్దు దాటిపోతా ఉండాది, ఇయ్యి."

అప్పుడు అర్థమైంది. కాలేజీవాళ్లు పెద్ద ఎత్తున ఆయుధ పూజ చేస్తున్నారనుకుని, మన పిల్లోడు పిలిచాడు కదా అని ఒక పూటకు ఇచ్చారు. దశమి నాడు పని మొదలుపెట్టకపోతే ఏడాదంతా చేతికి పని ఉండదని మా సందులో అందరి నమ్మకం. నాకు తెలియనిది కాదు. ఆ మగ్గం చప్పుడులోనే పెరిగాను. పుస్తకంలో లేదు కాబట్టి గుర్తు రాలేదు.

"కుంకుమ యాడరా?" అంది పసుపు అత్త తక్కెడ ఎత్తి చూసి. "తుడిచేసినావా? పండగ పూట బొట్టు తుడిచేసినావా, నీ చదువు మంటగలవ!"

పేటా సారు పేటా మొదటిసారి పక్కకు ఒరిగింది. ఆయన నన్ను చూశారు, మామను చూశారు, "తీసుకోండి" అన్నారు మెల్లగా. కంచు తాత సుత్తులు చంకలో పెట్టుకుంటూ, "మేము పూర్వం పోయినోళ్లం గదా, కాస్త దారి ఇడవండప్పా" అన్నాడు. క్షణంలో బల్లలన్నీ ఖాళీ. చీటీలు మాత్రం గంభీరంగా నిలబడి ఉన్నాయి.

పండితులు రెండో బల్ల దగ్గర ఆగి, "వస్తువు ఏదీ?" అన్నారు.

"పనికి వెళ్లిందండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నేనూ కళ్లు తుడుచుకున్నాను గానీ, నాది నవ్వు కాదు.

తాళాలు ఆ ఏడాది నాకు రాలేదు. పేటా సారు ఒకే మాట అన్నారు: "ముందు మీ మామ ఇంటికి వెళ్లు." వెళ్లాను. గుమ్మం దాటకముందే మగ్గం చప్పుడు వినిపించింది. మామ తలెత్తకుండా, "రా అప్పా, పాయసం ఉండాది. మేము ఇంకా నివసిస్తానే ఉండాము" అన్నాడు.

చాలా ఏళ్లకు తాళాలు వచ్చాయి. ఆ తరువాత ఇంకొన్నాళ్లకు, మా సందులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాక, మామ తనంతట తానే వచ్చి నాడెను నా బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు రాసుకో అప్పా, నివసించిరి అని" అన్నాడు నవ్వుతూ. చీటీ మీద ఎంత ప్రయత్నించినా ఆ మాట రాయలేకపోయాను. "మా మామది. దశమికి తిరిగి ఇవ్వవలెను" అని రాశాను. ఇప్పటికీ అదే చీటీ ఉంది. తప్పు రాశారని కొత్త మేష్టర్లు చెబుతుంటారు.

గది ఇచ్చిన పేటా సారుకు, నవ్వి నన్ను బతికించిన పండితులకు, బండి తోసి కూలి వద్దన్న గోవిందుకు, మళ్లీ ఏనాడూ నాకు సుత్తి చూపించని కంచు తాతకు, చివరిదాకా క్షమించని పసుపు అత్తకు నా నమస్కారాలు. అడిగినప్పుడు ఇచ్చి, వేళకు వచ్చి తీసుకుపోయిన మామకు మరీ మరీ. వస్తువులకు పసుపు కుంకుమలు పూయరాదని ఈ మ్యూజియం నిబంధనల్లో ఉంది. ఆ నిబంధన రాసింది నేనే. ప్రతి మహానవమికీ, ఎవరూ లేని వేళ చూసి, అద్దాల పెట్టె తెరిచి ఆ నిబంధన తప్పేదీ నేనే.