పాల డెయిరీ ముందర వీరగల్లు

కేజీఎఫ్‌లో పిల్లలకు చరిత్ర చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని. రాయల్పాడు దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో, పాల డెయిరీ ముందర ఒక పెద్ద బండ ఉండేది. దాని మీద క్యాన్లు కడగడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అడుగున ఏముందో చూడాలన్న బుద్ధి, ఇంత చదివీ, నాకూ పుట్టలేదు.

పోయిన ఏడాది డెయిరీకి మెట్లు కట్టాలని ఆ బండను తిరగేశారు. అడుగంతా శిల్పం! కత్తి దూసిన మనిషి, వెనక ఆవులు, పైన అతన్ని చెరో చెయ్యి పట్టి తీసుకుపోతున్న ఇద్దరు అప్సరసలు. వీరగల్లు అది. ఆవుల దొంగలతో కొట్లాడి చచ్చిపోయిన ఎవడికో ఊరు నిలబెట్టిన రాయి. పేరు చెక్కి ఉండాల్సిన మూల విరిగిపోయింది.

డెయిరీ ప్రెసిడెంటు మా మేనమామ కొడుకే. నేను వెళ్ళేసరికి రాతిపనివాడు బండ నడుమ గీత గీసి, ఉలి పెట్టాడు. నేను వెళ్ళి ఆ గీత మీదే కూర్చున్నాను.

"లెయ్యి మే. రెండు ముక్కలు చేస్తే రెండు మెట్లకు సరిపోతాది."

"ఆవుల కోసం ప్రాణం ఇచ్చినాడు బావా ఆయప్ప!"

"ఇప్పుడొచ్చి పాలు పోస్తాడా?"

అరగంట వాదించాను. రాజవంశాలు చెప్పాను, శాసనాలు చెప్పాను. రాతిపనివాడు ఆవలించాడు. ఇంతలో సాయంత్రం పాలు పొయ్యడానికి ఆడవాళ్ళు వచ్చి చుట్టూ మూగారు. అందరికంటే ముందు మా అత్త, అంటే ప్రెసిడెంటు తల్లి. కళ్ళజోడు సర్దుకుని రాయిని చాలాసేపు చూసింది.

"ఆ ఆడోళ్ళు ఎవురే?"

"అప్సరసలత్తా. వీరుణ్ణి స్వర్గానికి పిల్చుకోని పోతా ఉండారు."

"వాడి పెండ్లాం యాడ?"

పైనుంచి కిందికి వెతికాను. ఎక్కడా లేదు. ఇన్నేళ్ళ పాఠాల్లో ఈ ప్రశ్న నాకే రాలేదేమని సిగ్గేసింది.

"చెక్కలేదత్తా."

"వాడు ఇద్దర్నేసుకొని పైకి పాయ. మర్నాడు ఆ ఆవుల పాలు పిండిందెవురు? పేడ ఎత్తిందెవురు? ఇంగ ఆయమ్మ మొగుణ్ణి తొక్కతా వచ్చి నేను పాలు పొయ్యల్లా?" కొడుకు వైపు తిరిగింది. "నిలబెట్టురా దీన్ని. అంతదాకా నా క్యాను మూత తియ్యను."

తక్కిన ఆడవాళ్ళూ మూతలు బిగించారు. రోడ్డు మీద పాల లారీ హారన్ కొడుతోంది. మా బావ నన్ను కొరికేసేలా చూసి, "ఉలి తీసి పక్కన పెట్టప్పా" అన్నాడు రాతిపనివాడితో.

రాయి ఇప్పుడు డెయిరీ గోడ పక్కన నిటారుగా నిలబడి ఉంది. మొన్న వెళ్ళి చూస్తే, ఎడమ పక్క అప్సరసకు పసుపు పూసి కుంకుమ పెట్టి ఉన్నారు. వీరుడికి చుక్క నూనె కూడా లేదు.

"అత్తా, ఆమె పెండ్లాం కాదు, అప్సరస" అన్నాను, ఊరుకోలేక.

"చెయ్యి ఎట్ల పట్టుకోనుండాదో చూడు" అంది అత్త. "పెండ్లాం కాకుంటే అంత గట్టిగా ఎవురు పడతారే?"