‘లేకపోతే?’ అనే అప్ప

రెండేళ్ల కిందట పలాసలో మా మేడ మీద అద్దెకున్న అక్కను మా వైపు పిలుపులో అప్పా అనేదాన్ని. అప్ప ఫోన్ గేములకు కథలు రాసేది. ఆమె లాప్‌టాప్ తెర నిండా గళ్లు, వాటి మధ్య బాణాలు, ఆడేవాళ్లు ఏది ఎంచుకుంటే కథ అటు తిరిగేలా. ఎవరేం చెప్పినా "లేకపోతే?" అని అడిగేది. అమ్మ కూర మాడిందన్నా అంతే. మొదట నవ్వొచ్చేది, పోనుపోను ఏదీ తేలక నాకు గాభరాగా ఉండేది.

ఒకరోజు కొత్త కథను సాయంత్రం ఆరింటిలోగా ఒక గేముల కంపెనీకి పంపాలి, నచ్చితే ఉద్యోగం. ఆ మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని సోంపేట దగ్గరి తీరానికి వెళ్లి, వల బాగుచేసుకుంటున్న ఒక తాతకు కథ చెప్పింది. గాలివానలో పక్క పడవ మునుగుతోంది. ఆడేవాళ్లు వెళ్లి కాపాడొచ్చు, లేకపోతే తమ చేపలతో ఒడ్డుకు రావొచ్చు.

తాత చేతిలో సూది ఆగింది. "ఎల్లకపోడం కూడా ఉంటాదేటమ్మా? సేపలు పారబోసి ఎల్తాం. పడవ తేలికవ్వాల గదా."

తిరుగు బస్సులో అప్ప ఒళ్లో లాప్‌టాప్ తెరిచి, ఒడ్డుకు వచ్చే దారి మొత్తం చెరిపేసింది. కథలో సగం పోయింది.

"అప్పా, టైమైపోతంది. పాతదే పంపీయొచ్చు గదా," అన్నాను. ఆమెకు నేను సలహా చెప్పడం అదే మొదలు.

"సేపలొక్కటే పారబోత్తే సాలదే. తరవాతేటి పారేత్తారు? వలా? ఐసు పెట్టా?"

బస్సు పలాసలో ఆగేసరికి ఆరున్నర. "దిగండమ్మా, ఆకరి స్టాపు," అని కండక్టరు రెండుసార్లు అరిచాడు. నేను బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. అప్ప ఇంకా పడవను తేలిక చేస్తూనే ఉంది.